చెయ్యి తెరిపించిన వదిన

పోయిన శుక్రవారం పొద్దున మా పక్కగది వదిన పోయింది. పంపు దగ్గర బిందెతో పాటు కూలబడిపోయింది. పక్షవాతమే. కలకత్తా వాట్‌గంజ్‌లో మా తెలుగువాళ్లంతా మంచి మనిషని ఏడుస్తున్నారు. మంచిదే. కానీ ఉన్నన్నాళ్లూ నేను ఆవిణ్ణి చూసి కుళ్లుకున్నాను. ఆ కుళ్లు ఇప్పటికీ తీరలేదు.

ఆవిడ భర్తా నా భర్తా ఓడరేవులో ఒకే డాకులో మూటలు మోశారు, ఎర్రజెండాలు పట్టుకుని ఒకే ఊరేగింపులో నడిచారు. ఇద్దరికీ ఒకే ఏడాది పక్షవాతం వచ్చింది. వదిన భర్త పర్మినెంటు కాబట్టి పోర్టు ఆసుపత్రిలో మంచం ఇచ్చారు, నెలల తరబడి వ్యాయామం చేయించారు. మా ఆయన కూలీలను కుదిర్చే సర్దారు కింద రోజుకూలీ. ధర్మాసుపత్రిలో నేల మీద పడుకోబెట్టారు. నా బెంగాలీ వాళ్లకి అర్థం కాలేదు. "మద్రాజీ, ఇంటికి తీసుకుపో" అన్నది మాత్రం నాకు అర్థమైంది.

వరండాలో ఆవిడ భర్త చేతికర్ర చప్పుడు వినిపిస్తే తలుపేసుకునేదాన్ని. మా ఊరివాళ్లు చెప్పారని పావురం రక్తం పూసి, మా ఆయన చేతికి గుడ్డ బిగించి చుట్టాను.

వదిన వచ్చి ఆ కట్టు విప్పేసింది. "ఏటే పిల్లా, వేళ్లు సచ్చిపోవా? మీ అన్నకి ఆసుపత్రిలో ఎలా సేసినారో రోజూ సూసినాను కదా. ఇలా జరుగు."

అప్పట్నించి రోజూ సాయంత్రం నేను పొయ్యి రాజేసే వేళకి వచ్చేది. మా ఆయన ఒక్కో వేలూ విప్పి, చెయ్యెత్తి దించేది. ఆయన మూలిగితే నేను అడ్డుపడేదాన్ని.

"మూలగనీ. నొప్పి తెలిసిందంటే సెయ్యి బతికుందే" అనేది.

బతికింది. కానీ ఆ పిడికిలి ఆవిడకే విచ్చుకునేది, నేను పట్టుకుంటే బిగుసుకునేది. చాన్నాళ్లకి ఆయన నోట వచ్చిన మొదటి మాట "అప్పా". మా వైపు అక్కని అలా అంటారు, వదినని అలాగే పిలిచేవాడు. అన్నం తినిపించి, ఒళ్లు తుడిచి, పక్కబట్టలు ఉతికినదాన్ని నేను. గోడవైపు తిరిగి ఏడ్చాను. వదిన చూసింది.

"నిన్ను పిలవక్కర్లేదే. నువ్వెక్కడికీ పోవు కదా."

ఆవిణ్ణి మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. అన్నాళ్లు ఆసుపత్రికి తిరిగీ ఒక్కసారి బీపీ చూపించుకోలేదు. అడిగితే, "నానేటి రోగినా? తోడొచ్చిన మనిషిని" అంది.

నిన్న సాయంత్రం పొయ్యి రాజేస్తుంటే మా ఆయన ఎప్పటిలాగే దుప్పటి మీద చెయ్యి చాపాడు. వెళ్లి కూర్చుని, వదిన చేసినట్టే ఒక్కో వేలూ విప్పాను. విచ్చుకున్నాయి. ఆయన చూపు మాత్రం గుమ్మం మీదే ఉంది.