రాతి మీద పసుపు గీత

నా తోడల్లుడంటే నాకు కుళ్ళు. ఇంత వయసొచ్చాక దాన్ని ఇంకో మాట కింద దాచిపెట్టడం నా వల్ల కాదు. అతను మా మరదలి భర్త, నాకంటే ఎనిమిదేళ్ళు చిన్న. టాటానగర్ రైల్వేలో కరెంటు తీగల పని, అదీ పర్మినెంటు. నేను ఉక్కు కార్ఖానాలో కాంట్రాక్టు ఫిట్టర్ని, ఎత్తుల మీద బోల్టులు బిగిస్తాను. సీతారాండేరాలో మా అత్తగారింటికి ఇద్దరం భోజనానికి వెళితే చేప తలకాయ ఎవరి కంచంలో పడేదో చెప్పక్కర్లేదు. అవన్నీ ఓర్చుకున్నాను. గుట్ట దగ్గరే ఓర్చుకోలేకపోయాను.

ఊరికి బైకు మీద గంటన్నర దూరంలో, అటవీశాఖ కాపలాలో ఉన్న రాతిగుట్ట అది. కింది పల్లెవాళ్ళు దాన్ని కొలుస్తారు. రాళ్ళెక్కే సరదా ఉన్న మా ఏడెనిమిది మందిని ఆదివారాలు రానివ్వడానికి పల్లెవాళ్ళూ గార్డూ కలిసి ఒకటే షరతు పెట్టారు. రాతికి కన్నం పడకూడదు. పగుళ్ళలో ఇనప ముక్కలు ఇరికించి వాటికి తాడు తగిలించుకోవచ్చు, దిగేటప్పుడు అన్నీ తీసుకుపోవాలి. కొత్తవాళ్ళకి ఈ సంగతి చెప్పే పెద్దమనిషిని నేనే. "ఇది మన ప్లాంటు కాదు, దీనికి కన్నం ఎట్టకూడదు" అని చాలామందిని కసురుకున్నాను కూడా.

గుట్టకి తూర్పు వైపు నిలువు పగులు ఒకటుంది. సగం ఎత్తులో ఆ పగులు మాయమై, రెండు నిలువుల మేర నున్నటి రాయి మిగులుతుంది. అక్కడ తాడుకి ఆధారం దొరకదు, జారితే చాలా కిందకి పడతాం. మూడేళ్ళుగా అక్కడిదాకా వెళ్ళి వెనక్కి దిగుతూ వచ్చాను. నా తోడల్లుడు మాతో రావడం మొదలుపెట్టి ఏడాదైనా కాకుండానే ఒక పొద్దున దాన్ని ఎక్కేశాడు. "ఈ దారి నీకోసం దాయనేకపోనానన్నా, చెయ్యి ఆగనేదు" అని పైనుంచి నవ్వాడు. అందరితోపాటు నేనూ చప్పట్లు కొట్టాను.

ఆ వారమే సెలవు పెట్టి ఒక్కణ్ణే వెళ్ళాను. వెనక కాలిబాటన పైకి చేరి, తాడు మీద ఆ నున్నటి చోటికి దిగి, చేతి డ్రిల్లుతో తొలిచి ఒక యాంకర్ బోల్టు బిగించాను. దాని ఆసరాతో కిందనుంచి ఒక్కసారి ఎక్కి, తర్వాత పీకేద్దామనుకున్నాను. ఈలోగా పశువుల కాపరుల మాటలు వినబడ్డాయి. తాడు చుట్టుకుని పారిపోయాను. ఎక్కనూ లేదు, పీకనూ లేదు.

ఆదివారం గార్డు మమ్మల్ని ఆ పగులు కిందికి నడిపించి, పైన మెరుస్తున్న బోల్టు చూపించాడు. ఎవరి పనో తేలేదాకా ఎవరూ ఎక్కడానికి లేదన్నాడు. ఆ దారి ఎక్కింది ఒక్కడే కాబట్టి అందరి కళ్ళూ నా తోడల్లుడి మీదికి పోయాయి. నేనూ అటే చూశాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ కాసేపూ నాకు హాయిగా ఉంది.

చూసొస్తానని గార్డుని ఒప్పించి అతను పైకి వెళ్ళి బోల్టుని దగ్గరగా చూశాడు. ప్లాంటులో నట్టు బిగించాక, వదులైతే తెలియడానికి దాని మీద పెయింటు పెన్నుతో అడ్డంగా గీత గీస్తాం. నేను ఆ గీత చివర చిన్న కొక్కెం తిప్పుతాను. చేతి అలవాటుకొద్దీ ఇక్కడా పసుపు గీత గీసి, కొక్కెం తిప్పి వచ్చాను. కాసిడీహ్‌లో అతనింట్లో ఫ్యాను బిగించింది నేనే. దాని నట్టు మీదా అదే గీత ఉంది, రోజూ అతను చూసేదే. అతను దిగి, నా ముఖంలోకి చూడకుండా, గార్డుని పక్కకి తీసుకెళ్ళి ఏదో మాట్లాడాడు. తిరిగొచ్చి, ఇక తను గుట్టకి రానని మాతో అన్నాడు.

చివరిసారిగా వెళ్ళి బోల్టు పీకి, రాతిపొడి కలిపిన జిగురుతో కన్నం పూడ్చింది కూడా అతనే. పూడ్చినా వేలు పెడితే తెలుస్తుంది. రాయికి చర్మం మళ్ళీ రాదు కదా. ఎన్ని తరాలవాళ్ళు మొక్కిన రాయో, దాన్ని నేను పాడు చేశాను.

మా జట్టువాళ్ళు మాత్రం అతన్ని నెత్తిన పెట్టుకున్నారు. తప్పు తలమీద వేసుకుని మిగతావాళ్ళకి దారి వదిలాడట. మా ఆవిడ కూడా, "మా మరిదిని సూసి నేర్సుకో. ఏటీ మాటాడకుండా ఒప్పీసుకున్నాడు" అంది. నేను చేసిన తప్పుకి కూడా మెప్పు అతనికే దక్కింది. నెల రోజులు పళ్ళు కొరుక్కుని, చివరికి గార్డు దగ్గరికి వెళ్ళి ఆ బోల్టు నాదని చెప్పాను. పశ్చాత్తాపంతో కాదు, కుళ్ళుతోనే.

గార్డు ఆశ్చర్యపోలేదు. "తను చెయ్యలేదని అతను ఆరోజే చెప్పాడు" అన్నాడు హిందీలో. "చేసినవాడు మంచివాడు, తనంతట తనే వస్తాడు, అప్పటిదాకా నన్ను ఆపి మిగతావాళ్ళని రానివ్వండి అన్నాడు. ఎంత అడిగినా పేరు మాత్రం చెప్పలేదు."

ఏడాదిపాటు నన్ను రావద్దన్నాడు. తలూపి బైకు దగ్గరికి నడిచాను. మంచివాడట. నా గురించి అలా అనుకోవడం నాకే ఎప్పుడూ చేతకాలేదు, అదీ అతనికే చేతనైంది.