సిమెంటు కింద చౌడు మిద్దె

మా నాయన ఎమ్మిగనూరులో మట్టి మిద్దెలు వేసే మేస్త్రీ. ఆదోనిలో ఒక పత్తి వ్యాపారి తన పాత ఇంటి మిద్దె కారుతోందని, పడగొట్టి స్లాబు పోయిస్తానని, దానికి ముందు ఒక్కసారి చూసిపొమ్మని కబురు పెట్టాడు. పేరున్న ఇల్లు, ఫొటోలైనా తీసుకుందామని నేనూ బయలుదేరాను.

ఉదయం ఆరున్నర బస్సు. ఆడవాళ్లకు ఉచితం కాబట్టి నాకు డబ్బుల్లేని టికెట్టు. నాయనకూ, ఆయన గోనెసంచికీ డబ్బులిచ్చి కొన్నాం. సంచిలో చౌడుమట్టి.

"ఆదోనిలో మట్టి ల్యాదా అన్నా?" అన్నాడు కండక్టరు.

"ఉంది. నీళ్లు దిగనీయని మట్టి ల్యాదు," అన్నాడు నాయన.

ఎనిమిదింటికి దిగి, బస్టాండు ఎదుట ఉగ్గాని, బజ్జీ తిని ఆటో ఎక్కాం.

ఇంటి ముందుభాగమంతా ఇంగ్లీషు దొరల ఫక్కీ. గుండ్రటి కమానులు, రెక్కల కిటికీలు, మేడ మీద ఇనుప కమ్ముల వరండా. వ్యాపారి తాత ఎక్కడో దొరల బంగళా చూసి మనసుపడి కట్టించాడట. ఆదోని ఎండలకు చలిమంట గూడు కూడా పెట్టించాడు మహానుభావుడు. ఇప్పుడందులో పత్తి నమూనాల సంచులున్నాయి. లోపలికి నడిస్తే మాత్రం అంతా మన పనే. టేకు దూలాలు, వాటిమీద అడ్డంగా పరిచిన సన్నటి దంతెలు, ఆపైన మట్టి మిద్దె. మే నెలలో కూడా చల్లగా ఉంది.

మట్టి మిద్దెకు ఏటా వానలకు ముందు కొత్త చౌడు పరవాలి. ఆ బెడద వదుల్తుందని వ్యాపారి పైన సిమెంటు పూయించాడు. పగుళ్లలో దిగిన నీళ్లు ఆరే దారిలేక లోపలే నిలిచాయి. నాయన సుత్తితో దంతెలన్నీ తట్టి, చప్పుడు విని, రెండే పుచ్చాయన్నాడు. వ్యాపారి నమ్మలేదు. కూల్చేవాళ్లు మర్నాడే వస్తున్నారు.

నాయన బాగా కారే మూలన సిమెంటు పెళ్లలు తీయించి, చౌడు పరిచి, తడిపి దిమ్మిస కొట్టాడు. మధ్యాహ్నం దానిమీద నాలుగు బిందెల నీళ్లు పోసి అందర్నీ కింద నిలబెట్టాడు. గంటసేపు పైకి చూస్తూ నిలబడ్డాం. ఒక్క చుక్క పడలేదు. వ్యాపారి ఫోను తీసి, కూల్చేవాళ్లను రావద్దన్నాడు.

నాలుగున్నర బస్సులో సీట్లు దొరికాయి. అప్పుడు చెప్పాడు నాయన, ఆ మిద్దె వేసింది మా తాత అని. పొద్దున్నే వాళ్లకెందుకు చెప్పలేదని అడిగాను.

"సెప్పింటే వాళ్ల నాయన మీద మమకారంతో మాట్లాడతాండాడని అనుకుందురు. నీళ్లు పోసి సూపిస్తే ఎవురు ఏమంటారమ్మా?"

ఆదోని వెళ్తే ఆ కమానులు చూసి తిరిగొచ్చేయకండి. లోపలికి వెళ్లి తలెత్తి చూడండి. అది మా తాత వేసింది, మా నాయన నిలబెట్టింది.