కోతపండుగ పాటలో మార్జిన్ మనీ

1982. నర్సీపట్నంలో ఒక బ్యాంకు బ్రాంచిలో నాది లోన్ల సీటు. మా తాతగారి కాలంలో ఈ చుట్టుపక్కల భూముల్లో చాలా భాగం మావే. నా కాలం వచ్చేసరికి మిగిలింది ఇంటిపేరు, నిటారుగా కూర్చునే అలవాటు. ఉద్యోగం చేయడం నాకెప్పుడూ చిన్నతనం అనిపించలేదు. చేసిన పనిలో తప్పు దొరికితే మాత్రం ఇంటిపేరుకే మచ్చ అనుకునేవాణ్ణి.

ఆ నవంబరులో ఎస్తేరు అనే అమ్మాయి తల్లితో కలిసి నా సీటు దగ్గరికి వచ్చింది. ఊళ్లోని ఒక నర్సింగ్‌హోములో చీటీలు రాసే పని, నెలకు నూట యాభై జీతం. విశాఖపట్నంలో ఒక మిషన్ ఆసుపత్రివారు హాస్పిటల్ అడ్మినిస్ట్రేషన్‌లో ఏడాది సర్టిఫికెట్ కోర్సు పెట్టారు. రోగుల రికార్డులు, బిల్లులు, మందుల స్టాకు, వార్డుల నిర్వహణ నేర్పే చదువు. ఫీజు, హాస్టలు కలిపి నాలుగు వేలు. కోర్సు చేసి వస్తే మూడువందల యాభై ఇస్తానని నర్సింగ్‌హోము డాక్టరుగారు నోటిమాటగా అన్నారట.

"ఆ నాలుగువేలూ లోనుగా ఇప్పించండి సార్. రెట్టింపు పైనే జీతం వస్తాది కదా" అంది ఎస్తేరు.

కాగితం మీద లెక్క వేశాను. రీపేమెంట్ హాలిడే, అంటే చదువయ్యేదాకా వాయిదాలు కట్టనక్కరలేని గడువు, ఉంటుంది. ఆ తరువాత నెలకు వడ్డీతో నూట డెబ్భై కట్టాలి. ఇంటికి ఎప్పటిలా నూట యాభై. మిగిలేది ముప్ఫై.

"మరి డాక్టరుగారు రెండొందల యాభై దగ్గరే ఆగిపోతే?" అన్నాను.

ఎస్తేరు తల్లి మరియమ్మ జీడిపిక్కలు కొట్టే షెడ్డులో కూలి. పిక్కల జీడికి నల్లబడ్డ చేతుల్ని చీరకొంగులో దాచుకుని అడిగింది: "అప్పుడేటవుద్ది బాబుగారూ?"

"ఇల్లయినా గడవదు, వాయిదా అయినా తప్పుతుంది. రెండువేలే అప్పయితే వాయిదా సగమే, ఎలాగైనా గట్టెక్కుతారు. సగం మీరు తెచ్చుకోండి."

దీన్నే మేము మార్జిన్ మనీ అంటాం. ఖర్చులో అప్పు తీసుకునేవారు సొంతంగా పెట్టుకోవలసిన వాటా.

"ఈయేడు మా చర్చి కోతపండగ పాట డబ్బులు పిల్ల సదువుకే ఇత్తానని పాస్టరుగారు సెప్పారండి" అంది మరియమ్మ. "ఇంకో దారి మాకు నేదు. సీటు పోతే మళ్లీ దొరకదు."

మా మేనేజరుగారు విని నవ్వారు. "గేదె లోనుకు వెళ్లి గేదెను చూసొస్తాం కదా. ఈ మార్జిన్ మనీని కూడా చూసి రండి!"

ఇన్‌స్పెక్షన్ అంటే ఇన్‌స్పెక్షనే. ఆదివారం ఇస్త్రీ చొక్కా వేసుకుని చర్చికి వెళ్లాను. ముందు బల్ల మీద కూర్చోబెట్టారు. ఆరాధన అయ్యాక వాకిట్లో బల్ల వేసి వేలంపాట మొదలుపెట్టారు. సంఘస్థులు కానుకగా తెచ్చిన కొత్త వడ్లు, చెరకు గెడలు, కోళ్లు, మరియమ్మ పాకమీద కాసిన గుమ్మడికాయ.

ఆ గుమ్మడికాయను లారీ యజమాని దేవదాసు ముప్ఫై రూపాయలకు పాడాడు. డబ్బు కట్టి, కాయను తీసుకుపోకుండా మళ్లీ బల్లమీదే పెట్టాడు. పాస్టరుగారు దానికే మళ్లీ పాట మొదలుపెట్టారు.

నేను లేచి నిలబడ్డాను. మా ఇంట్లో పాటంటే కోర్టు వేలం. పందిరిమంచం, వెండి కంచాలు, అన్నీ పాట పాడినవాడి బండిలో పోవడమే నేను చూసింది.

"పాట కొట్టేశాక వస్తువు కొన్నవారిది. తిరిగి వేలం వెయ్యడం చెల్లదు" అన్నాను.

వాకిలంతా గొల్లుమంది.

"కోర్టు కాదు బాబుగారూ, కోతపండగ!" అన్నాడు దేవదాసు. "కొన్నోడు తిరిగిచ్చేత్తే మళ్లీ అమ్ముతారు. ఎన్నిసార్లు అమ్మితే అంత డబ్బు. తమరికంత బాధగుంటే తమరే పాడి ఇంటికట్టుకెళ్లండి!"

"ముప్ఫై అయిదు" అన్నాను.

"నలభై."

"యాభై!"

"వంద!" అన్నాడు దేవదాసు మీసం దువ్వుతూ.

"నూటపదహార్లు" అన్నాను. మా ఇంట శుభకార్యానికి చదివించే అంకె అదే.

"ఏటి దేవదాసూ, నోరు పడిపోనాదా?" అని ఆడవాళ్ల వైపు నుంచి ఎవరో అరిచారు. అతను నవ్వుతూ చేతులెత్తేశాడు. పాట నాకే ఖాయమైంది. పాస్టరుగారు కాయను నా చేతుల్లో పెట్టారు. మా వంశంలో వేలంపాట పాడి ఒక వస్తువు గెలిచినవాణ్ణి బహుశా నేనే. ఆ బరువును కాసేపు మోసి, అందరూ చూస్తుండగా బల్లమీద పెట్టేశాను. చప్పట్లు మోగాయి. ఇక ఆ కాయకు ఊపిరాడలేదు. అత్తా కోడలూ పోటీపడి పాడారు. దేవదాసు మళ్లీ వచ్చి పాడాడు. చివరికి పాస్టరుగారి భార్యే, "బేగి తెండి, మద్దినేళకి పులుసు పెట్టాల" అని లోపలికి పట్టుకుపోయింది. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి మొత్తం పాట డబ్బు రెండువేలు దాటింది. మరియమ్మ ఏడుస్తూ నవ్వుతోంది. ఎస్తేరు తల్లిని పట్టుకుని గిర్రున తిప్పేసింది.

"ఇన్‌స్పెక్షన్‌కు పంపితే పాట పాడొచ్చారా?" అని మేనేజరుగారు ఆ వారమంతా నవ్వారు. ప్రపోజల్ మీద మాత్రం వెంటనే సంతకం పెట్టారు.

ఏడాది తరువాత ఎస్తేరు సర్టిఫికెట్‌తో తిరిగివచ్చింది. డాక్టరుగారు ఇచ్చింది రెండొందల యాభై. వాయిదా ఎనభై అయిదు. ఇల్లు గడిచింది, వాయిదా ఒక్కటీ తప్పలేదు. తరువాతి ఏడాది జీతం కూడా పెరిగింది.

చదువుకు అప్పు చేసేవారు ముందు రాబోయే జీతాన్ని చూస్తారు. ఆ జీతం అనుకున్నంత రాకపోయినా మోయగలిగినంతే అప్పు చెయ్యాలని నేను ఎస్తేరుతో లెక్క వేసినప్పుడు తెలుసుకున్నాను. మిగతాది అడగడానికి సిగ్గుపడకూడదని తెలుసుకోవడానికి మాత్రం, ఎవర్నీ ఏదీ అడగని ఇంట్లో పుట్టిన నాకు, ఆ చర్చి వాకిలి కావలసివచ్చింది.

చివరి వాయిదా కట్టిన రోజున ఎస్తేరు వెంట కొయ్యూరు నుంచి వచ్చిన ఇంకో అమ్మాయి ఉంది. ఆమెకూ అదే కోర్సు చదవాలని.

"జీతం తక్కువే వత్తాదనుకుని లెక్కేసుకోమన్నాను సార్" అంది ఎస్తేరు. "మిగిలినదానికి వాళ్ల ఊరోళ్లని అడిగే వచ్చింది."

కుర్చీ చూపించి, ఆ అమ్మాయిని కూర్చోమన్నాను.