హాలియాలో పడ్డ సముద్రపు పక్షి

మొన్న తుఫాను వాన వెలిసిన పొద్దున హాలియా సెంటర్లో ఒక దుకాణం రేకుల మీద ఏదో కొత్తరకం పక్షి పడిందని మా వీధివాళ్లు ఫోనులో ఫొటో తీసి ఎవరికో పంపితే, మధ్యాహ్నం అన్నం వేళకల్లా పక్షులను కాపాడే ఇద్దరు యువకులు చిల్లులు పెట్టిన అట్టపెట్టెతో మోటారు సైకిల్ మీద వచ్చి, చేతులకు తొడుగులు వేసుకుని, దాన్ని అందులో పెట్టుకుని వెళ్లిపోయారు. చాయ్ తాగి పొమ్మన్నా ఆగలేదు. అరవై దాటిన వాళ్లతో వచ్చిన చిక్కేమిటంటే, కళ్ల ముందున్నదాన్ని చూస్తూ చూస్తూనే వెనకటి దాని దగ్గరికి పోయి కూర్చుంటాం. నాకు మా వదినె గుర్తొచ్చింది.

మాది మహబూబ్‌నగర్ దాటి లోపలికి పోయే ఒక మెట్ట ఊరు, వాన లేని ఏడు సగం మంది కూలికి దేశాలు పట్టిపోయేవాళ్లు. మహబూబ్‌నగర్ అన్నది దరఖాస్తుల మీద రాయడానికే, నోటికి వచ్చేది పాలమూరే. నాలుగు అక్షరాలు వంటబట్టినందుకు నాకు సాగర్ ఎడమ కాల్వ మీద వర్క్ ఇన్‌స్పెక్టర్ కొలువు దొరికి హాలియాలో స్థిరపడ్డాను. మా అన్నకు చదువు అబ్బలేదు, మేస్త్రీ వెంట ఊళ్లు తిరిగే గుంపు పనికి పోయాడు. ఏ ఏడు ఏ రాష్ట్రంలో ఉంటాడో మాకూ తెలిసేది కాదు. చివరికి ఎక్కడో పడమటి ఒడ్డున ఓడరేవు పనిలో మట్టిపెళ్ల విరిగి మీద పడి పోయాడు. ఆ కబురు మా ఊరు చేరేసరికి దహనం కూడా అక్కడే చేసేశారు. వదినెకు కడచూపు దక్కలేదు. పిల్లలు లేరు గనుక నేనూ నా భార్యా వెళ్లి ఆమెను హాలియాకు తెచ్చుకున్నాం. వచ్చిన నెలలోనే ఇంటి పెత్తనం ఆమె చేతికి పోయింది, మా ఇద్దరికీ ప్రాణం సుఖపడింది. నోరు పెద్దది, చెయ్యి అంతకంటే పెద్దది. ఇంటికి వచ్చిన ఏ ప్రాణీ ఆకలితో పోకూడదన్నది ఆమె పట్టు.

తెలంగాణ వచ్చిన కొత్తలో, వరి కోతకొచ్చే రోజుల్లో, ఇలాంటిదే ఒక తుఫాను వచ్చింది. బర్రెకు గడ్డి కోయడానికి కాల్వగట్టు మీదికి పోయిన వదినె గడ్డికి బదులు కొంగులో ఒక పక్షిని పెట్టుకుని వచ్చింది. పొగచూరిన రంగు, సన్నగా పొడుగ్గా రెక్కలు, కొన వంగిన ముక్కు, ఆ ముక్కు మీద బియ్యపు గింజంత గొట్టాలు రెండు. కాళ్లు ఎక్కడో తోక దగ్గర ఉన్నాయి, నిలబడలేక రొమ్ము మీద పాకుతోంది. కాళ్లు విరిగాయని వదినె, పుట్టుకే అంత అయి ఉంటుందని నేను. దాన్ని కోళ్లగంప కింద పెట్టి జొన్నలు చల్లింది, ముట్టలేదు. కాల్వ నీళ్లు పెట్టింది, తాగలేదు. కాళ్ల వేళ్ల మధ్య బాతుకున్నట్టు తోలు చూసి ఇది చేపలు తినేదేనని, అంగట్లో తెచ్చిన ఎండుచేపలు నానబెట్టి, ముక్కు తెరిచి ఒక్కొక్క ముక్కా లోపలికి నెట్టింది. మింగింది గాని కాసేపటికి ఆ గొట్టాల్లోంచి చుక్కలు చుక్కలుగా నీరు కారడం మొదలైంది. "పడిశం వట్టింది దీనికి" అని పసుపు వేడిచేసి తెచ్చి ముక్కుకు పట్టు వేసింది. నాకు నవ్వు ఆగలేదు. "ఏంది నవ్వుతవు? నీకు జరమొస్తే గిట్లనే నవ్విన్నా నేను?" అని కసిరింది.

మా చెల్లెలి కూతురు ఆ రోజుల్లో సముద్రపు పక్షుల మీద పరిశోధన చేస్తుండేది. ఓడలో నడిసముద్రానికి పోయి, పొద్దంతా డెక్కు మీద నిలబడి ఏ పక్షి ఎక్కడ తిరుగుతుందో చూసి రాసుకోవడం దాని పని. ఇంత చదువూ చదివి పిట్టలను లెక్కబెడుతుందా అని మా చుట్టాల్లో ముక్కు విరవనివాళ్లు లేరు, ఆ ముక్కుల్లో నాదీ ఒకటి. ఆ రోజు మాత్రం దానికే ఫొటో పంపాను. పంపానో లేదో ఫోను మోగింది. దాని గొంతులో అంత కంగారు నేనెప్పుడూ వినలేదు. ఏదో ఇంగ్లీషు పేరు చెప్పింది, నాకు నోరు తిరగలేదు. గుడ్లు పెట్టడానికి ఏదో దీవికి పోవడం తప్ప నేల ముఖం చూడని జాతి అట, గాలికి కొట్టుకొచ్చి ఇక్కడ పడిందట. నేల మీదినుంచి సులువుగా లేవలేదట. ముక్కులోంచి కారేది పడిశం కాదు, ఒంట్లో ఎక్కువైన ఉప్పును అలా బయటికి తోసేస్తుందట. పసుపు సంగతి నేను దానికి చెప్పకముందే, పక్కనే వింటున్న వదినె తుడిచేసింది.

ఆ తర్వాత ఫోను వదినె చేతికి పోయింది. "సముద్రం నిండ చేపలేనాయె, గంత దూరం తిరుగుడెందుకు బిడ్డా దీనికి?" అని అడిగింది. మా మేనకోడలు ఓపికగా చెప్పింది. సముద్రమంతా ఒక్కతీరు ఉండదట. పొద్దంతా ఓడ నడిచినా ఒక్క పక్షి కనబడని నీళ్లుంటాయట. అడుగునుంచి చల్లని నీళ్లు పైకి వచ్చే చోట మేత పుడుతుంది, పెద్ద చేపలు చిన్న చేపలను పైకి తరిమే చోట పక్షులు గుమిగూడతాయి, అవి ఇవాళ ఉన్నచోట రేపు ఉండవు. "ఆ జాగలు ఇవి ఎట్ల వట్టుకుంటయో మాకు ఇంకా పూర్తిగ తెల్వదు అత్తమ్మా, గదే చదువుతున్న" అంది. "అయితే సముద్రంల గూడ పాలమూరు ఉన్నదన్నట్టు" అని వదినె ఫోను నాకిచ్చేసింది. కాల్వ కింద పుట్టిన వాళ్లకు ఆ మాట అర్థమవుతుందో లేదో నాకు తెలియదు.

మేనకోడలు చెప్పినట్టే అటవీశాఖ ఆఫీసుకు పోయి చెప్పాను. అక్కడున్నాయన చెడ్డవాడేం కాదు, కుర్చీ కూడా వేయించాడు. "సముద్రప్పిట్ట అంటున్నరు. మన రాష్ట్రానికి సముద్రమే లేకపాయె, యాడ ఇడువాలె సార్?" అని ఆయనే నన్నడిగాడు. కావాలంటే హైదరాబాదు జంతుశాలకు పంపిస్తానన్నాడు. ఇంటికొచ్చి ఆ మాట చెప్తే వదినె అంతెత్తున లేచింది. "పట్నంల దానికేమున్నది? దాని నీళ్లా, దానోళ్లా? నేనే దీస్కవోత." సముద్రం ఏ దిక్కున ఉందో కూడా ఆమెకు తెలియదు. తుఫానుకు కాల్వకట్టలు కోసుకుపోయిన రోజులు, నాకు సెలవు దొరకదని ఎంత చెప్పినా వినలేదు. తెల్లవారేసరికి గంపలో మెత్తగా పాత చీర పరిచి, పక్షిని పెట్టి, పైన గుడ్డ కట్టి, చెప్పులు వేసుకుని అరుగు మీద కూర్చుంది. గొణుక్కుంటూనే బయలుదేరాను.

మిర్యాలగూడలో బస్సు మారి, వాడపల్లి వంతెన మీద కృష్ణ దాటి ఆంధ్రలోకి పోయాం. వదినె గంప కింద పెట్టనివ్వలేదు, దారిపొడుగునా ఒడిలోనే. దాచేపల్లి దాకా అప్పుడప్పుడు గుడ్డ తొలగించి చూస్తూ, లోపల కదిలినప్పుడల్లా దానితో ఏదో మాట్లాడుతూ ఉంది. తర్వాత చూడటం మానేసింది. గుంటూరు బస్టాండులో ఒకసారి చూద్దామని నేను చెయ్యి చాపితే, "పండుకున్నది, లేపకు" అని గంప అటు తిప్పుకుంది. తినడానికి ఏదైనా తెస్తానన్నా వద్దంది. ప్రయాణపు బడలిక అనుకున్నాను. బాపట్ల చేరి, ఆటో మాట్లాడుకుని, సముద్రం ఒడ్డుకు పోయేసరికి ఎండ వాలింది.

అంత నీళ్లు మొదటిసారి చూసిన మనిషి ఏమంటుందోనని నేను ఆమె ముఖం చూస్తున్నాను. ఆమె సముద్రాన్ని చూడనే లేదు. ఇసుకలో కూర్చుని గంప విప్పింది. పక్షి మెడ వాలిపోయి ఉంది. రెక్కలు దగ్గరికి మడిచి వదినె ఎప్పుడో సర్ది పెట్టింది. "పిడుగురాళ్ల రాకముందే పానం వోయింది" అంది. మరి అక్కడే ఎందుకు చెప్పలేదని అరిచాను. ఇంతసేపూ మోసింది ఒక చచ్చిన పిట్టనా అని నిజంగానే కోపం వచ్చింది.

"జెప్తే ఆడ్నే దిగి మర్లిపోదామందువు" అంది.

నిజమే, దిగేవాణ్ణే.

"మీ అన్నను తోలుకరానీకె ఎవలు లేకుండిరి. దీనికి మనమన్న ఉన్నం గదయ్యా" అని పక్షిని రెండు చేతుల్లో పట్టుకుని మోకాటిలోతు నీళ్లలోకి పోయింది. వదిలిపెట్టింది, అల వెనక్కి తెచ్చింది. మళ్లీ వదిలింది, మళ్లీ తెచ్చింది. అక్కడ వల సర్దుకుంటున్న ఒకాయన ఇదంతా చూసి లేచి వచ్చాడు. "ఇవి ఒడ్డుకు రావండీ, మేం బాగా లోపలికెళ్తేనే కనపడతాయి. ఇటియ్యండమ్మా, పొద్దున్నే వేటకెళ్లినప్పుడు అక్కడే వదుల్తాను" అన్నాడు. వదినె ఆయన ముఖంలోకి చాలాసేపు చూసి, గంపతో సహా ఇచ్చేసింది. "జర మంచిగ దీస్కవో అన్నా" అంది. ఆయనకు ఆ మాట ఎంత అర్థమైందో గాని తల ఊపాడు.

మా మేనకోడలు ఇప్పటికీ ఓడల మీదే తిరుగుతోంది. ఒడ్డుకు వచ్చినప్పుడు ఫోను చేస్తుంది, ఇంకా తెలియనిదే ఎక్కువ మామా అంటుంది. పాలమూరులో మా ఊరి చెరువులు నిండుతున్నాయి, గుంపు పనికి పోయేవాళ్లు తగ్గారు. పోయినచోట ఎవరికైనా జరగరానిది జరిగితే నిమిషంలో ఫోను వస్తుంది, మనిషిని ఐసు పెట్టెలో పెట్టి ఎంత దూరం నుంచైనా ఇంటికి చేరుస్తున్నారు. ఇది మా అన్న కాలానికే వచ్చి ఉంటే అని అనుకోని రోజు లేదు. అయితే పెట్టెతో పాటు వచ్చేవాళ్లు మాత్రం తగ్గిపోయారు. డ్రైవరు ఒక్కడే తెచ్చి, సంతకం పెట్టించుకుని వెళ్లిపోతాడు.

పోయినేడు నల్లగొండ దవాఖానలో వదినె కన్నుమూసింది. చుట్టాలందరూ దహనం హాలియాలోనే కానిచ్చేద్దామన్నారు. పాలమూరులో ఆ ఊళ్లో ఎవరున్నారు, ఇల్లు కూడా కూలిపోయింది గదా అన్నారు. నేను ఎవరి మాటా వినలేదు. బండి మాట్లాడుకుని, వెనక ఆమె పక్కనే కూర్చుని, మల్లేపల్లి, కల్వకుర్తి, జడ్చర్ల మీదుగా తీసుకుపోయాను. ఊరి పొలిమేర రాయి కనబడ్డాక దుఃఖం ఆగలేదు. ఆమె చెవి దగ్గరికి వంగి అన్నాను, "వచ్చినం, వదినా."