మునగని గుడ్డు

1987 జూన్‌లో నన్ను నాచారంలోని ఒక ఉన్నత పాఠశాలకు భౌతికశాస్త్రం చెప్పడానికి వేశారు. ఫ్యాక్టరీ సైరన్ వినబడితే గడియారం చూడక్కర్లేని బడి అది. ఆ సైరన్ ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. రెండేళ్లు ప్రొబేషన్. అది ముగిసేలోగా డిప్యూటీ విద్యాధికారి నా పాఠం చూసి లాగ్‌బుక్‌లో నాలుగు ముక్కలు రాయాలి. వాటిని బట్టే ఉద్యోగం ఖాయమవుతుంది.

ఎనిమిదో తరగతికి సాంద్రత పాఠం ఎంచుకున్నాను. మంచినీళ్లలో కోడిగుడ్డు మునుగుతుంది. ఉప్పు కలుపుతూ పోతే నీళ్ల సాంద్రత పెరిగి అదే గుడ్డు పైకి తేలుతుంది. ముందుగా చేసి చూసినప్పుడు చక్కగా కుదిరింది. తనిఖీ మాత్రం రెండుసార్లు వాయిదా పడింది. చెప్పినమాట విన్న గుడ్డు కదా అని దాన్నే బీరువాలో దాచాను. ఈలోగా ఎండలు ముదిరాయి.

తనిఖీ రోజు అప్పట్లో అందరూ చేసే పనే నేనూ చేశాను. జవాబులు నేర్పిన పిల్లల్ని ముందు బెంచీల్లో కూర్చోబెట్టి, మిగతావాళ్లను వెనక్కి పంపాను. అలా వెళ్లినవాళ్లలో రూతు ఒకతి. వాళ్లమ్మ ఉప్పల్ చౌరస్తాలో గుడ్లు అమ్మేది.

అధికారి ఎదుట గుడ్డును మంచినీళ్లలో వేశాను. అది తేలింది. అలవాటు కొద్దీ, ఏమైందని పిల్లల్ని అడిగేశాను. ముందు బెంచీల పిల్లలంతా ఒకే గొంతుతో "మునిగింది టీచర్" అన్నారు.

వెనక రూతు లేచింది. "మునగలే టీచర్, తేలింది. గది పాత గుడ్డు. మా అమ్మ గిట్లనే నీళ్లలేసి సూసి తీసేస్తది."

పాతదైతే ఎందుకు తేలాలని అధికారి అడిగారు. లోపలి తడి ఆరి బరువు తగ్గుతదని, పెంకు మాత్రం గంతే ఉంటదని చెప్పింది. సాంద్రత అనే మాట వాడకుండానే సాంద్రత చెప్పేసింది.

కావాలనే పాత గుడ్డు తెచ్చాననుకుని అధికారి మెచ్చుకున్నారు. ఔనంటే గట్టెక్కేదాన్ని. నాకు తెలియక జరిగిందని చెప్పేశాను.

ఆయన లాగ్‌బుక్ తెరిచి పెన్ను మూత తీశారు. "ఆ పిల్ల రోజూ అక్కడనే కూసుంటదా?"

ఈ ఒక్క రోజే అక్కడికి పంపానని సిగ్గుతో చచ్చిపోతూ చెప్పాను.

లాగ్‌బుక్‌లో ప్రయోగం తప్పిందనే రాశారు. పాఠం పిల్లలకు అందిందని కింద ఇంకో వాక్యం చేర్చారు. ఆ రెండో వాక్యమే నా ఉద్యోగాన్ని నిలబెట్టింది.

మేం రాసే పాఠ్యపథకంలో 'పరిశీలన' అని ఒక గడి ఉండేది. తరగతికి వెళ్లకముందే దాన్ని నింపేసేవాళ్లం. ఆ రోజు నుంచి రిటైరయ్యేదాకా నేను దాన్ని పాఠం అయ్యాకే నింపాను, అదీ వెనక బెంచీలను అడిగి.