శబ్దం కట్టేసి చూసే మనిషి

దేశదేశాల నుంచి పోటీకి వచ్చే చిన్న చిన్న నాట్యచిత్రాలను వడబోసే ఆ గదిలో ఆవిణ్ణి అందరూ ‘మూగసినిమా అక్క’ అంటారు. ఏ చిత్రమైనా శబ్దం కట్టేసే చూస్తుంది. “పాట తీసేస్తే గానీ ఒంటి గుట్టు బయటపడదు” అంటుంది. ఒకప్పుడు తానూ ఆడిన మనిషే; మోకాలు పోయాక కుర్చీకి అతుక్కుపోయింది. తెరమీద ఎవరైనా ఎగిరితే చాలు, చెప్పుల్లో ఆవిడ కాలివేళ్లు ముడుచుకుంటాయి.

ఆవేళ వచ్చిన చిత్రంలో ఆడుతున్నది సొంత చెల్లెలు. నీళ్లు తోడేసిన ఈతకొలనులో గిరగిరా తిరుగుతోంది. ఎగిరి దిగిన ప్రతిసారీ బరువంతా ఎడమకాలి మీదికి నెట్టేస్తోంది. కుడికాలి నొప్పి దాస్తోందని అక్క పసిగట్టింది. మోకాలు పోకముందు తానూ అచ్చం అలాగే దాచింది. చిత్రం ఎంపికైతే అదే నాట్యం వేదిక మీద ఆడి చూపించాలి. వెంటనే ఫోను చేసింది.

“కాలెలా ఉందే?”

“దానికేం, గుండ్రాయిలా ఉంది. సినిమా చూశావా అక్కా? ఇదీ పోతే నన్నింక ఎవరూ పిలవరు.”

ఫోను పెట్టేసి తెరవంక తిరిగింది. తర్వాత, ఎన్నడూ లేనిది, శబ్దం పెంచి మొదటినుంచీ మళ్లీ చూసింది. వాద్యాల హోరులో ఆ కుంటు నిజంగానే కనపడలేదు.

“ఇది తీసుకుందాం” అంది, పక్కవాళ్ల మొహం చూడకుండా. చెప్పుల్లో కాలివేళ్లు మాత్రం ముడుచుకునే ఉన్నాయి.