వేలికి పెట్టిన పరీక్ష

వేలు ఆనిస్తే తప్ప తెరుచుకోని పెన్ డ్రైవ్ ఒకటుంటుందని మా లేబొరేటరీలో అప్పటిదాకా ఎవరికీ తెలియదు. రెండు వేల తొమ్మిదో పదో, సరిగ్గా గుర్తులేదు గానీ, ఆషాఢం ఇంకా రాలేదు. మా యజమాని దాన్ని తెచ్చి నా బల్లమీద పెట్టాడు. బొటనవేలంత ఉంది. పైమూత జరిపితే సన్నని నల్లటి పట్టీ, దాని పక్కన చిన్న దీపం. వేలిని పట్టీమీద పైనుంచి కిందికి లాగాలి. గుర్తుపడితే ఆకుపచ్చ వెలుగుతుంది, లేకపోతే ఎరుపు.

రాయపూర్‌లో ఇనుము వ్యాపారం నడిచినన్నాళ్ళూ మాలాంటి లేబొరేటరీలకు పని ఉంటుంది. రోలింగ్ మిల్లుల నుంచి కడ్డీ ముక్కలు వస్తాయి. వాటిలో కార్బన్ ఎంత, భాస్వరం ఎంత అని తేల్చి సర్టిఫికెట్ ఇస్తాం. అది చేతికొస్తే గానీ లారీ కదలదు. ఆ మధ్య ఎవరో మా పాత సర్టిఫికెట్ ఫైలు ఒకటి సంపాదించి, తేదీ మార్చి, వేరే సరుకుకు తగిలించారు. యజమానికి ఒళ్ళు మండిపోయింది. ఇకమీదట సర్టిఫికెట్లు కంప్యూటర్‌లో ఉండటానికి వీల్లేదు, ఈ డ్రైవ్‌లోనే ఉండాలి, పదిహేను రోజులు వాడి చూసి రిపోర్టు రాయి అన్నాడు నాతో. వెళ్తూ వెళ్తూ ఇంకో మాట కూడా అన్నాడు.

"జిస్‌కీ ఉంగ్లీ సే ఖులేగా, వహీ సైన్ కరేగా."

ఎవరి వేలికి తెరుచుకుంటే ఇక సర్టిఫికెట్ల మీద సంతకం వాళ్ళదే. అప్పటిదాకా ఆ సంతకం బాబాయ్‌ది.

సొంత బాబాయ్ కాదు. విజయనగరం వైపు నుంచి మా నాన్నతో కలిసి రైలెక్కి వచ్చినవాడు. నాన్న రైల్వే వ్యాగన్ వర్క్‌షాపులో చేరి డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో క్వార్టరు సంపాదించాడు. బాబాయ్ ఈ లేబొరేటరీలో చేరి, కాలనీ గోడకు ఇవతల అద్దె ఇంట్లో ఉండిపోయాడు. నా బీఎస్సీ అయ్యాక నన్ను ఇక్కడ పెట్టించిందీ, చుక్కచుక్కగా కొలిచే బ్యూరెట్ గొట్టం చేతికిచ్చి పని నేర్పిందీ ఆయనే. మా పనిలో సంతకం పెట్టేవాడే కెమిస్టు. సంతకం పోయినవాడు ఇక ముక్కలు కోసే మనిషి, సీసాలు కడిగే మనిషి. ఆ సంగతి ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు.

మొదటిరోజు నా వేళ్ళు నమోదు చేశాను. కొత్తవాళ్ళను చేర్చాలన్నా తీసేయాలన్నా ఆ వేళ్ళే కావాలి. యజమాని తన వేలు ఇవ్వనన్నాడు, రోజూ వచ్చి తెరిచే ఓపిక ఆయనకెక్కడిది! తర్వాత బాబాయ్ వంతు.

ఎరుపు.

ఏళ్ళ తరబడి నైట్రిక్ ఆసిడ్‌తో పనిచేసిన చేతులవి. వేలికొసలు పసుపుపచ్చగా, గీత అన్నది లేకుండా నున్నగా ఉంటాయి. గ్లవ్స్ తొడుక్కోమంటే, బ్యూరెట్ కుళాయి తిప్పేటప్పుడు చెయ్యి తెలియదంటాడు. సబ్బుతో కడుక్కొచ్చాడు. చొక్కాకు తుడుచుకున్నాడు. నోటి ఆవిరి ఊది చూశాడు. పది వేళ్ళూ అయిపోయాయి.

"ఏటమ్మా, దీనికి నాను నచ్చనేదేటి?" అని నవ్వాడు.

నేనూ నవ్వాను. ఆ మధ్యాహ్నం టీ తాగి వస్తూ కిటికీలోంచి చూశాను. ఒక్కడే నిలబడి పట్టీమీద మళ్ళీ మళ్ళీ వేలు లాగుతున్నాడు. ఆయన నన్ను చూడకముందే వెనక్కి తిరిగి, ఇంకో టీ తాగొచ్చాను.

నా పరీక్ష మాత్రం శ్రద్ధగా చేశాను. అంత శ్రద్ధ కడ్డీ ముక్కలమీద పెట్టి ఉంటే ఎప్పుడో పేరొచ్చేది. తడి చేత్తో పెట్టాను, కూలర్ ముందు చల్లబడ్డ చేత్తో పెట్టాను, సమోసా తిని కడుక్కోని చేత్తో కూడా పెట్టాను. దాదాపు ప్రతిసారీ ఆకుపచ్చే. వారం తిరక్కుండానే రిపోర్టు మొదటి పేజీ హిందీలో రాసేశాను. పరికరం బాగా పనిచేస్తోంది, ఒక ఉద్యోగి వేలు మాత్రం వాడకానికి పనికిరాదు అని దాని సారాంశం. రాసేటప్పుడు చెయ్యి ఎక్కడా ఆగలేదు. నిజం చెప్పాలంటే లోపల సంతోషంగానే ఉంది. సర్టిఫికెట్ కింద నా సంతకం ఉంటుంది. ఇప్పుడు సిగ్గుపడుతున్నాను, ఆ రోజు పడలేదు.

ఆషాఢం వచ్చింది. మొదటి ఆదివారమే అమ్మ గోరింటాకు రుబ్బింది. మా క్వార్టర్ల వెనక ఒక్కటే గోరింట చెట్టు, కాలనీలో తెలుగువాళ్ళందరికీ అదే దిక్కు. బజారులో కోన్లు కావలసినన్ని దొరుకుతాయి గానీ అమ్మ లెక్కలో అది గోరింటాకే కాదు. చింతపండు వేసి మెత్తగా రుబ్బి, అరచేతిలో చందమామ, పది వేళ్ళకూ టోపీలు పెట్టడానికి కూర్చుంది.

"రేపు ఆఫీసుందమ్మా, ఒక చేతికి చాలు" అన్నాను.

"ఆఫీసుకి గోరింటాకు అడ్డమేటే? దేఖ్‌నే దో, సూడనీ" అని రెండో చెయ్యి లాక్కుంది.

తెల్లారేసరికి ఎర్రగా పండింది. మురిసిపోతూ ఆఫీసుకు వెళ్ళాను. ఈ తెలివితక్కువ పని చెయ్యాలంటే తెలుగింటి ఆడపిల్లే కావాలి. మరొకరికి చేతకాదు.

వేలు లాగాను. ఎరుపు. బొటనవేలు లాగాను, ఎరుపు. తుడిచాను, కడిగాను, నోటి ఆవిరి ఊదాను. రంగు వల్లో, ఆకు పసరుకు చర్మం బిరుసెక్కడం వల్లో నాకు ఇప్పటికీ తెలియదు. పోయిన వారం తయారుచేసిన సర్టిఫికెట్లన్నీ లోపలున్నాయి. కంప్యూటర్‌లో ఒక్క కాపీ లేదు, ఉంచొద్దన్నారు కదా. అమ్మినవాడికి ఫోన్ చేస్తే, మొత్తం తుడిచేస్తే తెరుచుకుంటుంది మేడమ్, లోపలివి మాత్రం పోతాయి, లేదంటే రంగు పోయేదాకా ఆగండి అన్నాడు. గోరింటాకు పోవాలంటే ఎన్నాళ్ళు పడుతుందో వాడికేం తెలుసు! మిల్లుల నుంచి ఫోన్లు మొదలయ్యాయి.

బాబాయ్ నా చేతుల వంక ఒకసారి చూశాడు. సొరుగులోంచి తన రీడింగుల పుస్తకం తీశాడు. ప్రతి ముక్కకూ వచ్చిన అంకెలు ఆయన చేతిరాతతో వరసగా ఉన్నాయి. ఆయన చదువుతుంటే నేను ఎర్రటి వేళ్ళతో టైపు చేశాను. భోజనాల వేళకు అన్నీ అయిపోయాయి. వాటికింద ఆయనే సంతకాలు పెట్టాడు. ఆ రోజు ఎవరి వేలు, ఏ వేలు అని అడిగినవాళ్ళు లేరు.

సాయంత్రం యజమాని వస్తాడు. ఆయన అడగకముందే రిపోర్టు రెండో పేజీ రాశాను. ఉద్యోగి వేళ్ళకు గోరింటాకు ఉన్నందువల్ల పరికరం గుర్తించలేకపోయింది, ఇది పరికరం లోపం. మా దగ్గర ఏ కాగితమైనా రెండో మనిషి చూస్తే గానీ బయటికి పోదు. అలవాటు ప్రకారం రెండు పేజీలూ కలిపి బాబాయ్‌కి ఇచ్చేశాను. మొదటి పేజీలో ఏం రాశానో, దాన్ని చదవబోయేది ఎవరో ఇచ్చాక గానీ బుర్రకు తట్టలేదు.

ఆయన కళ్ళజోడు పెట్టుకుని నెమ్మదిగా చదివాడు. రెండు పేజీలనూ పక్కపక్కన పెట్టి మళ్ళీ చదివాడు.

"ఇదేటమ్మా. నా యేలు ఆనకపోతే యేలు బాగోనేదని రాసినావు. నీ యేలు ఆనకపోతే మిషన్ బాగోనేదని రాసినావు."

నేను ఆ రెండు పేజీల మీదికీ వంగి చూశాను.

"నాకు అనుకూలంగా రాయమని సెప్పట్లేదు. యేలు తప్పంటే రెండూ యేలు తప్పే. మిషన్ తప్పంటే రెండూ మిషన్ తప్పే. ఏదో ఒకటి రాయి. ఒక్క సాంపిల్‌కి రెండు రిజల్టులిస్తే మన లాబ్ ఎందుకు? బంద్ కర్ దో."

తిట్టి ఉంటే బాగుండేది. ఆయన గొంతు పెంచలేదు. నాకు ఏడుపొచ్చింది. మొదటి పేజీ లాక్కుని చింపబోయాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"సింపకు. రీడింగు తప్పొస్తే ఏటి సేస్తాం?"

రీడింగు తప్పొస్తే చెరపకూడదు, తెల్లరంగు పూయకూడదు. కింద ఉన్నది కనిపించేలా ఒక్క గీత కొట్టి, పక్కన సరైనది రాసి, పొట్టి సంతకం చేయాలి. చేరిన మొదటి వారంలో ఆయన నేర్పిన పాఠం. ఆయన చూస్తుండగానే ఆ వాక్యం మీద గీత కొట్టాను. పక్కన, ఇక్కడ పనిచేసేవాళ్ళ వేళ్ళను ఈ పరికరం గుర్తించలేకపోతోంది, మా పనికి తగదు అని రాశాను. కింద పొట్టి సంతకం పెట్టాను.

యజమాని వచ్చి నిలబడే చదివాడు. డ్రైవ్‌ను వెనక్కి పంపించెయ్యమన్నాడు. "తో సైన్ చాచా హీ కరేంగే" అన్నాడు. అయితే సంతకం బాబాయ్ పెడతాడన్నమాట. హమ్మయ్య అనుకున్నాను. అంతలో ఆయన వేలు గీత కొట్టిన చోట ఆగింది.

"యే క్యా లిఖా థా?"

ఏం రాశావు అని అడిగింది నన్ను. నేను నోరు తెరిచేలోగా బాబాయ్ జవాబిచ్చాడు.

"రీడింగ్ గలత్ ఆ గయా థా, సాబ్."

రీడింగు తప్పొచ్చిందట. యజమాని తలూపి వెళ్ళిపోయాడు. బాబాయ్ కాగితాలకు రంధ్రాలు వేసి ఫైల్లో పెట్టి, తన బ్యూరెట్ దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆయన లేబొరేటరీ మానేసేదాకా, ఇంకా చాలా ఏళ్ళు, పక్కపక్కనే పనిచేశాం. అది తప్పొచ్చిన రీడింగు కాదని, ఆ సంతకం నాకు కావాలనే అలా రాశానని ఆయనకు ఒక్కసారైనా చెప్పాల్సింది. చెప్పలేదు. చెప్పకపోయినా ఆయనకు తెలుసు.